నల్లపూసలు

ఆ ఎగిరే యంత్రానికి రక్తం పీల్చే గోమారికీ నల్లపూసకీ తేడా తెలియదు. గోమార్లు కుట్టి కీళ్లు పట్టేసే లైమ్ జబ్బు ఊరంతా పాకాక, వాటిని కాల్చడానికి ఇంటికో యంత్రం వచ్చింది. ఒంటిమీద నల్లగా గుండ్రంగా ఏది కనబడినా కాల్చేస్తుంది. అందుకే ఆడవాళ్లు నల్లపూసలు పెట్టెల్లో దాచేశారు.

చెల్లెలి పెళ్లికి వెళ్లే హడావుడిలో ఈరవ్వ కోడలు నవనీత ఆ సంగతి మరిచి వాటిని మెడలో వేసుకుంది. ఈరవ్వకు ముద్ద కలిపి పెడుతుండగా యంత్రం ఆమె మెడమీద వాలింది. పూసలతోపాటు చర్మం కాలిన కమురు వాసన ఈరవ్వ ముక్కుకు తగిలింది. నవనీత విదిలిస్తే అది నేలపడి మళ్లీ లేవబోయింది.

జబ్బుతో ఏడాదిగా నోటిదాకా రాని చెయ్యి రోకలి ఎలా ఎత్తిందో ఈరవ్వకే తెలియదు. మొదటి దెబ్బకే యంత్రం చచ్చింది. అయినా ఆపకుండా నుగ్గునుగ్గయ్యేదాకా దంచింది.

కాలిన మెడ పట్టుకుని నవనీత ఆ చేతినే చూసింది.

“అత్తమ్మా, రేపట్నుంచి నీ బువ్వ నువ్వే తిను.”