పెద్దది వెనక్కొస్తోంది

అవనిగడ్డ బస్సు ఇంకా ఆగనే లేదు, కిటికీల్లోంచి కర్చీఫులు పడుతున్నాయి.

బందరు బస్టాండులో సీటు కావాలంటే అదే దారి.

“ఇక్కడే నించో నాన్నా, కదలకు,” అని మూడేళ్ల కూతుర్ని స్తంభం పక్కన నిలబెట్టి, దివ్యశ్రీ జనంలోకి దూరింది.

పైన మైకులో ఆడగొంతు చెబుతూనే ఉంది. “ప్రయాణికులకు విజ్ఞప్తి. మీ పిల్లల చెయ్యి వదలకండి.”

ఎవరూ వినలేదు. దివ్యశ్రీ కూడా.

కర్చీఫు సీటు మీద పడింది. సంతోషంగా వెనక్కి తిరిగింది.

స్తంభం పక్కన పాప లేదు.

“లాస్యా!”

మోపిదేవిలో చెవులు కుట్టించడానికని కొత్త గౌను వేసి తీసుకొచ్చిన పిల్ల.

“మా పాపండీ! గులాబీ రంగు గౌను! ఎవరైనా చూశారా?”

“అదుగో, అటు చూడండి!” అరిచాడు ఆటో డ్రైవరు పోలయ్య.

తలకు స్కార్ఫు కట్టుకున్న ఒకావిడ లాస్యను చంకనేసుకుని వడివడిగా వెళ్తోంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. గౌను నిండా మట్టి.

దివ్యశ్రీ పరుగున వెళ్లి పిల్లను లాక్కుంది.

“ఎక్కడికి ఎత్తుకుపోతున్నావ్?”

ఆవిడ నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. మాట రాలేదు.

పోలయ్య దారికి అడ్డం నిలబడ్డాడు. “అడుగుతుంటే చెప్పవేంటి?”

“అది... పెద్దది... వెనక్కొస్తోంది,” అందావిడ.

“పెద్దదేంటి? ఏనుగా?”

జనం నవ్వారు. ఆ నవ్వు విని ఇంకొంతమంది పోగయ్యారు.

“కాదండీ... అది...” ఆవిడ చేతులు గాలిలో ఏదో ఆకారం గీశాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నీ పేరేంటి?”

“ఒక్క నిమిషం...”

“పేరు చెప్పడానిక్కూడా టైం కావాలా? సరే, ఏ ఊరు?”

“గుడివాడ. కాదు... కాదు... ఘంటసాల.”

“విన్నారా? నోరు తెరిస్తే ఒక ఊరు!” పోలయ్య జనం వైపు తిరిగాడు. “మొన్న వాట్సాప్‌లో వచ్చింది ఇలాంటోళ్ల గురించే. చాక్లెట్‌లో మత్తు పెట్టి ఎత్తుకుపోతారంట.”

ఎవరో ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. ఆవిడ ముఖం దాచుకోబోయింది. వెనకనుంచి ఎవరో స్కార్ఫు పట్టి లాగారు.

అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టు.

“ఓహో, తిరుపతి గుండు! భక్తురాలండోయ్,” అన్నాడు పోలయ్య. “ప్రసాదం ఏదమ్మా?”

మళ్లీ నవ్వులు.

దివ్యశ్రీకి నవ్వు రాలేదు. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే పిల్ల ఏమయ్యేదో అన్న భయం చేతిలోకి వచ్చింది.

ఆవిడ చెంప ఛెళ్లుమంది.

ఆవిడ చెంప తడుముకోలేదు. లాస్య మోచేతి వైపు చూసింది. “గీసుకుపోయింది. కడగండి,” అంది.

ఆ రెండు మాటలూ మాత్రం తడబడకుండా వచ్చాయి.

“ముందు నిన్ను స్టేషన్‌కి పంపి, తర్వాత కడుగుతాంలే,” అన్నాడు పోలయ్య. “ఎవరన్నా పోలీసులకి ఫోన్ కొట్టండి!”

“ఆగండి! ఆగండయ్యా!”

జనాన్ని తోసుకుంటూ గుడివాడ బస్సు డ్రైవరు రషీద్ వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. లాస్యను చూశాడు. అక్కడే అరుగు మీద కూలబడ్డాడు.

“పాపకేం కాలేదు కదా? యా అల్లా... ఏం కాలేదు కదా?”

“ఏమైంది రషీద్ బాబాయ్?” అన్నాడు పోలయ్య.

“బస్సు రివర్స్ తీస్తున్నా. మీరంతా ఆ అవనిగడ్డ బండి మీద పడ్డారు, ఇటు ఒక్కరూ లేరు. అద్దంలో చూసేసరికి వెనక చక్రం దగ్గర పిల్ల. బ్రేకు కొట్టా. కానీ బండి ఆగేది కాదు. ఎవరో స్కార్ఫు కట్టుకున్నామె అడ్డంపడి లాగేసింది. లేకపోతే ఈ పాటికి...”

వీడియో తీస్తున్నవాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

బస్సు. ఆవిడకు ఎంత వెతికినా దొరకని మాట అదే.

దివ్యశ్రీ గబుక్కున వెనక్కి తిరిగింది. ఆవిడ లేదు. స్కార్ఫు మాత్రం నేలమీద ఉంది.

అది తీసుకుని, పిల్లను ఎత్తుకుని, ప్లాట్‌ఫారాలన్నీ వెతికింది. బస్టాండు కంట్రోలరు వెంకటసుబ్రహ్మణ్యం ఎదురొస్తే, ఈ స్కార్ఫు ఆవిణ్ణి చూశారా అని అడిగింది.

“పొట్టి జుట్టావిడా? ఇప్పుడే ఘంటసాల బస్సు ఎక్కించి వస్తున్నానమ్మా. అదుగో, గేటు దాటుతోంది.”

బస్సు రోడ్డెక్కింది. నాలుగడుగులు పరుగెత్తి దివ్యశ్రీ ఆగిపోయింది.

“మా పాపని బతికించిందండీ. నేను... నేను ఆవిణ్ణి కొట్టాను.”

సుబ్రహ్మణ్యం ఆమె చేతిలోని స్కార్ఫు వైపు చూశాడు.

“రొమ్ము క్యాన్సరమ్మా. మనిషి గట్టెక్కింది. కానీ కీమో అయ్యాక మాటలు అందడం లేదు. కొంతమందికి అలా అవుతుందట, మెల్లిగా సర్దుకోవచ్చట. కంగారు పెడితే మాత్రం సొంత పేరు కూడా గుర్తురాదు. ఇందాక నా దగ్గరికొచ్చి, మా ఊరికి ఏది ఎక్కాలండీ అని అడిగింది. అడగడానికి ఎంత సిగ్గుపడిందో!”

“మరి పాపని ఎక్కడికి తీసుకెళ్తోందండీ?”

“నా గదికే అయ్యుంటుంది. తప్పిపోయిన పిల్లల్ని తెస్తే మైకులో చెప్పిస్తాం. ఆ సంగతి ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?”

“ఎవరండీ ఆవిడ?”

స్తంభం మీద మైకు గరగరమంది.

“కొత్తమాజేరు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ వెళ్లు బస్సు రెండవ నంబరు ప్లాట్‌ఫారంపై సిద్ధంగా ఉంది. ప్రయాణికులకు విజ్ఞప్తి. మీ పిల్లల చెయ్యి వదలకండి.”

ఎక్కడా తొట్రుపాటు లేదు. ఒక్క ఊరూ తప్పిపోలేదు.

“జబ్బు చెయ్యకముందు రికార్డు చేసిందమ్మా,” అన్నాడు సుబ్రహ్మణ్యం తలెత్తి మైకు వైపు చూస్తూ, “ఆ గొంతు మా సుభాషిణిదే.”