ఫాదర్ మక్వింజా స్థాయికి తగ్గ రాకెట్

“ముందు ఆడేదెవరో చెప్పు పెద్దాయనా, టెన్నిస్ రాకెట్ సంగతి తరవాత చూద్దాం” అంది ఆటసామాన్ల కొట్టు యజమానురాలు తియామికె.

డమియానో చిన్న తలతో బరువుగా ఉన్న రాకెట్ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఆడేది తమ చర్చి ఫాదర్ మక్వింజా. పిల్లలకు జపాలు నేర్పే ఉపదేశి అయివుండి, బ్లాంటైర్ పట్నం బజారులో నిలబడి తన ఫాదర్ ఆట గురించి నిజం చెప్పడమా?

“నేనే ఆడతాను” అన్నాడు.

“ఎలా ఆడతావ్?”

“బంతి వచ్చేదాకా బాగానే నిలబడతాను. అది వెళ్ళిపోయాక ఊపుతాను.”

తియామికె పక్కకు తిరిగి నవ్వుకుంది. “పొరపాటున తగిలితే?”

“వల దాకా పోతుంది. ఒకసారి కోళ్ళగూట్లోకి పోయింది.”

“మరి ఈ బరువైనది, చిన్న తలది ఎందుకయ్యా నీకు? ఇది చెయ్యి తిరిగినవాళ్ళు పట్టేది. బలం వాళ్ళ దగ్గరే ఉంటుంది కాబట్టి రాకెట్‌తో అదుపు చేసుకుంటే చాలు. నీ చేతికిస్తే భుజం ఊడుతుంది గానీ బంతి కదలదు. ఇదిగో, ఇది పట్టుకో. తల పెద్దది, బరువు తక్కువ. ఎక్కడ తగిలినా బంతి దానంతటదే లేచిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి దేవుడిచ్చిన వరం.”

“ఇందులోకి దేవుణ్ణి లాగకమ్మా. నాకిప్పటికే భయంగా ఉంది.”

ఫాదర్ తెమ్మన్నది ఆ బరువైనదే. పాతది విరిగిపోతే, “మన స్థాయికి తగ్గది చూడు డమియానో, టీవీలో ఛాంపియన్లు పట్టుకుంటారే, అలాంటిది” అని చెప్పి పంపారు. తప్పు ఆయనది కాదు. చర్చి వెనక ఎర్రమట్టి కోర్టులో మూడేళ్ళుగా ఆయన ఒక్క ఆట కూడా ఓడలేదు. తమ పాపాలన్నీ విన్న మనిషిని ఓడించడానికి ఎవరికి మాత్రం చేతులొస్తాయి? హెడ్మాస్టరు మొదలుకొని ఊరిపెద్ద దాకా అందరూ బంతిని వలకు కొట్టి, ‘అయ్యో’ అని తల పట్టుకునేవారు. మర్యాదగా ఎలా ఓడాలో వాళ్ళకు నేర్పింది డమియానోనే.

ఇప్పుడు మరియమాత పండగనాడు బిషప్ గారి ముందు పందెం పెట్టారు. ఎదురు ఆడబోయేది కొండ కింది చర్చికి కొత్తగా వచ్చిన ఫాదర్ నజోంబె. తమ ఫాదర్ ఓటమి అంటే ఎరగరని ఆ చర్చివాళ్ళు సంతలో రొమ్ము విరుచుకుని చెబుతున్నారు. అందరి ముందూ ఫాదర్ మక్వింజా చిత్తుగా ఓడితే, ఓటమి కంటే పెద్ద సంగతే బయటపడుతుంది. ఇన్నాళ్ళూ తన జనమంతా తనతో అబద్ధమాడారని ఆయనకు తెలిసిపోతుంది. ఆ తరవాత ఆయన ఎవరి ముఖం చూసి నవ్వుతారు?

డమియానో పెద్ద తల రాకెట్టే కొన్నాడు.

ఫాదర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “తల కాస్త పెద్దదిగా లేదూ?”

“ఇప్పుడు గొప్ప ఆటగాళ్ళంతా ఇవే వాడుతున్నారు ఫాదర్.”

“మరీ ఇంత తేలికా?”

“బరువంతా మీ చేతిలో ఉంది కదా ఫాదర్.”

ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. ఆ సాయంత్రం ఆయన కొట్టిన బంతులు ఒకదాని వెనక ఒకటి వల దాటాయి. మహిళా సంఘం వాళ్ళు సంబరంగా నాలుకలు ఆడిస్తూ కూతలు పెట్టారు, మొదటిసారి మొహమాటం లేకుండా.

డమియానోకి మాత్రం రాత్రి ఎన్సిమా, ఆ మొక్కజొన్న సంకటి ముద్ద, గొంతు దిగలేదు. “ఫాదర్‌తోనే అబద్ధమాడాను ఫిలమెనా” అన్నాడు భార్యతో.

“వెళ్ళి పాపం ఒప్పుకో మరి.”

“ఎవరి దగ్గర? ఆయన దగ్గరేనా? ‘అయ్యా, మీకు ఆట రాదని దాచడం నా పాపం’ అనమంటావా?”

“అయితే పట్నం పెద్ద చర్చికి పో. అక్కడి ముసలి ఫాదర్‌కి చెవుడు. దేవుడికి వినబడితే చాలుగా!”

“దేవుడికి వినబడితే చాలనుకుంటే ఇంట్లోనే చెప్పుకోవచ్చుగా? మినీబస్సు ఎక్కడం దేనికి?”

“ఆ ప్రశ్న కూడా అక్కడే అడుగు. ముందు ఆ చేపలు తిను, పిల్లి చూస్తోంది.”

శనివారం డమియానో పట్నం చర్చిలో పాపాలు చెప్పుకునే చెక్క జాలీ ముందు మోకరించి, అవతలి ఫాదర్‌కి చెవుడని గుర్తు పెట్టుకుని గొంతెత్తి మొదలుపెట్టాడు. “ఫాదర్! నేను ఒక ఫాదర్‌తో అబద్ధమాడాను!”

“మెల్లగా నాయనా, వరసలో వాళ్ళందరూ వింటున్నారు” అంది అవతలి గొంతు. ముసలిది కాదు. “పెద్ద ఫాదర్‌కి ఒంట్లో బాగాలేక నేను కూర్చున్నాను. ఏమిటా అబద్ధం?”

సగం పాపం చర్చంతా వినేశాక ఇక వెనక్కి తగ్గి లాభం లేదు. మూడేళ్ళ ఆటలూ, కొత్త రాకెట్టూ, పండగనాటి పందెమూ అన్నీ చెప్పేశాడు.

“అందరూ కావాలనే ఓడిపోతారా?”

“అందరూ ఫాదర్.”

“‘అయ్యో’ అని తల పట్టుకుని మరీనా?”

“అవునండీ. మీకెలా తెలుసు?”

“మా దగ్గర కూడా...” అని గొణిగి అవతలి గొంతు మాట మార్చింది.

“ఆ రాకెట్ పట్టాక ఆయన ఆట నిజంగా బాగుపడిందా?”

“కళ్ళారా చూశాను ఫాదర్.”

అవతలి నుంచి క్షమాపణ జపం వినిపించింది. ప్రాయశ్చిత్తంగా మంగళవార్త జపం చెప్పుకోమన్నారు. గుండె తేలికపడి, సిలువ గుర్తు వేసుకుని డమియానో లేవబోయాడు.

“ఆగు నాయనా. నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, బయటికి పోదు. కానీ నేనెవరో నీకు చెప్పకపోతే బాగుండదు. నేను ఫాదర్ నజోంబెని.”

లేవబోయిన డమియానో మళ్ళీ మోకరించాడు. మూడేళ్ళు ఊరంతా కాపాడిన గుట్టును మినీబస్సెక్కి మరీ మోసుకొచ్చి ఎదుటి ఆటగాడి ఒళ్ళో పోశాడు! “ఫాదర్, దయచేసి...” అంటూ చేతులు జోడించాడు.

అవతలి గొంతు జాలీకి మరింత దగ్గరగా వచ్చి గుసగుసలాడింది.

“ఆ కొట్లో అలాంటి పెద్ద తలది ఇంకొకటి ఉందా?”