తాతయ్య పేరు

"నాయనమ్మా, తాతయ్య పేరేంది?"

అలివేలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

యశస్వినికి ఏడుపొచ్చింది. కాలేజీకి సెలవు పెట్టి మరీ మాచవరం వచ్చింది, ఈ ఒక్క పేరు కోసం. మొన్న నరసరావుపేటలో డాక్టరు అడిగిందీ ఇదే. పొద్దున ఏం తిన్నదో నాయనమ్మ చెప్పలేకపోయింది, సరే. కన్నకొడుకు పేరు దగ్గర తడబడింది, సరే. కట్టుకున్నవాడి పేరు కూడా రాకపోతే ఎలా?

"మెదడులో కణానికీ కణానికీ మధ్య ఉండే కనెక్షన్లు ఒక్కొక్కటే ఊడిపోతున్నాయి," అన్నాడు డాక్టరు. "పోయినవి తిరిగి రావు. ఉన్నవి కాపాడుకోవాలి. రోజూ మాట్లాడిస్తూ ఉండండి."

అందుకే ఈ పిల్ల పంతం పట్టింది. నాయనమ్మ మనసులోంచి తాతయ్య జారిపోకూడదు. అన్నం కలిపి పెడుతూ అడుగుతుంది, జడ అల్లుతూ అడుగుతుంది. "గోపాలకృష్ణయ్య. ఏదీ, నువ్వూ అను." ముసలామె అటు తిరిగి కూర్చుంటుంది.

ఇంకా భయపెట్టేది మరొకటి. తాతయ్య గుమ్మంలో అడుగు పెడితే చాలు, ఆమె చటుక్కున మంచం దిగి, కొంగు భుజం నిండా లాక్కుని తల దించుకుంటుంది. పరాయి మగవాడెవరో ఇంట్లో జొరబడినట్టు.

గోపాలకృష్ణయ్యకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. పైగా ముసిముసి నవ్వులు.

"దానికి అన్నీ గుర్తేలేమ్మా. ఊరికే విసిగించమాక."

"ఏం గుర్తు తాతయ్యా! నీ పేరే రావట్లా. నీకసలు బాధే లేదా?"

ఆయన నవ్వుకుంటూ మిరప కల్లానికి వెళ్లిపోయేవాడు. ఈయనకూ మతి పోతోందేమోనని యశస్వినికి అనుమానం కూడా వచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన కల్లం నుంచి వచ్చేసరికి అలివేలమ్మ మంచం మీదే ఉంది. దిగలేదు. జారిన కొంగు లాక్కోలేదు. కళ్లెత్తి ఆయన మొహంలోకి తేరిపార చూసింది.

యశస్విని ఆశ చావక మళ్లీ అడిగింది.

"నాయనమ్మా, తాతయ్య పేరేంది?"

"గోపాలకృష్ణయ్య," అంది అలివేలమ్మ, తడుముకోకుండా.

యశస్విని ఎగిరి గంతేసింది. "చెప్పింది తాతయ్యా! చెప్పింది!"

గోపాలకృష్ణయ్య తలగుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని గడప దగ్గరే కూలబడ్డాడు.

"పెళ్లయిన కాడి నుంచి మొగుడి పేరు నోటెంట రానీయని మనిషమ్మా, ఇయ్యాల నేను మొగుణ్ణన్న సంగతే మర్చిపోయింది."