అడ్వాన్సు ఎవరి లెక్క?

"నన్ను నాయుడుపేటోళ్ళకు అమ్మేసినావంట గదా మామా!"

భానుప్రియ విసిరికొట్టిన బూట్లు ఇసుకలో దొర్లి గంగులయ్య బాగుచేస్తున్న వల మీద పడ్డాయి. ఆయన తలెత్తలేదు. వాకాడు తీరంలో ఒక బోటుకూ, ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకూ ఆయనే ఓనరు.

"అమ్మడమేందమ్మే? లీగులో మార్పిడి ఉంది, మార్చినా."

"మార్చేదానికి నేనేమన్నా పాత ఇంజనా?"

ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. చిన్నప్పటి నుంచీ ఈ ఇసుకలోనే ఆడింది. మోకాలు వాచినా ఊరి కోసం పరుగెత్తింది. ఈ ముసలాయనకు అదేమీ పట్టలేదు.

అంతలో కెప్టెన్ రోజా కూడా మండిపడుతూ వచ్చింది.

"మామా, జట్టు జీతాలన్నీ కలిపి రెండు లక్షలు దాటగూడదని లీగు రూలు. దీన్ని పంపిస్తే అందులో ఎంత మిగులుతుందనుకున్నావు?"

"దీని జీతం లక్ష. లక్షా మిగలదా?"

"మన్ను మిగులుతుంది! దీనికి ముందే ఇచ్చేసిన ఎనభై వేల అడ్వాన్సు మన లెక్కలోనే ఉండిపోతుంది. ఇంకా ఇవ్వాల్సిన ఇరవై వేలే నాయుడుపేట లెక్కలో పడేది. ఆ ఇరవై వేలకు గోలు కొట్టేవాళ్ళు మనకెవురొస్తారు?"

గంగులయ్య బుర్ర గోక్కున్నాడు. "కళాసీ వేరే బోటుకు పోతే వాడి అడ్వాన్సు కొత్త ఓనరే కడతాడు గదా. ఇదీ అట్టాగే అనుకున్నా."

వలలు ఆరేస్తున్న వాళ్ళంతా పగలబడి నవ్వారు. భానుప్రియకు నవ్వు రాలేదు. ఆయన తెలివితక్కువతనానికి బలైంది తనే మరి!

"సర్లే గానీ, నాయుడుపేట గ్రౌండుకు రాష్ట్ర టీముకు ఎంపిక చేసేటోళ్ళు వస్తారంట గదా?" అన్నాడాయన మాట మారుస్తూ.

"వస్తే నీకెందుకు? ఇంక జన్మలో నీతో మాట్లాడను."

అన్నంత పనీ చేసింది. నాయుడుపేట కోచ్ జయశీల ముందుగా ఆమె మోకాలికి వైద్యం చేయించింది. సొంత ఊరితో మ్యాచ్ పడిన రోజున భానుప్రియ కసికొద్దీ మూడు గోల్స్ కొట్టి, గట్టు మీద కూర్చున్న గంగులయ్య వైపు కన్నెత్తి చూడకుండా వెళ్ళిపోయింది. తగిన శాస్తి జరిగిందనుకుంది. నెల తిరక్కుండానే రాష్ట్ర జట్టుకు ఎంపికైంది.

"ముందు మీ మామకు ఫోన్ చెయ్యి" అంది జయశీల.

"చేయను మేడం. రూలు తెలీక నన్ను వదులుకున్న మనిషికి చెప్పేదేంది?"

"మా లెక్కలో మిగిలిందే ఇరవై వేలు. అడ్వాన్సు కూడా నీ వెంట వచ్చుంటే నిన్ను తీసుకునేవాళ్ళమే కాదు."

"అదే గదా! ఆయనకు బోటు లెక్క తప్ప ఇంకో లెక్క తెలీదు."

జయశీల ఆమెను వింతగా చూసింది.

"లీగు మొదలుపెట్టినప్పుడు బోటు పద్ధతే చాలని మేమంతా అన్నాం భానూ. అడ్వాన్సు పాత జట్టు లెక్కలోనే ఉండాలని పట్టుబట్టి ఆ రూలు పెట్టించింది మీ మామే."