ఎదురెదురు కిటికీలు

"ఈ కిటికీ చాలదు మేస్త్రీ. గోడ పైకి లేవకముందే వెడల్పు చెయ్యి" అంది పుష్పవతి.

నందిగామలో కాలేజీ వెనక వీధిలో కడుతున్న ఇల్లది. గోడలు నడుమెత్తు లేచాయి. పొద్దున్నే జగ్గయ్యపేటలో బస్సెక్కి, కోడలు బేబిని వెంటబెట్టుకుని వచ్చిందామె.

మేస్త్రి తిరుపతిరావు భవానీప్రసాద్ వంక చూశాడు. కాలేజీలో లెక్కలు చెప్పే భవానీప్రసాద్ నవ్వాడు. "అమ్మ చెప్పినట్టే కానివ్వండి."

"ఇంత కిటికీ పెడితే దొంగలొస్తారండీ."

"ఊచలు పెట్టు. దొంగలకి భయపడి గాలి ఆపుకుంటామా? దీనికెదురుగా అవతలి గోడకి ఇంకోటుండాలి. ఇటొచ్చిన గాలి అటు పోవాలి."

ఆమె పట్టుదల ఊరికే వచ్చింది కాదు. పేటలో పాత ఇంటికి కిటికీలు లేవు. పొగచూరిన వంటిల్లు, పట్టపగలు దీపం పెట్టుకోవాల్సిన నడిమిగది. ఆ నడిమిగదిలోనే, ఆమె కళ్ళెదుటే, ఒక మనిషి నెలల తరబడి దగ్గి దగ్గి పోయాడు. గాలి తగిలే గదిలోకి మార్చమని డాక్టరు చెప్పాడు. మార్చడానికి అలాంటి గది ఇంట్లో ఉంటేగా!

"బేబీ, ఇట్లా రా. నిలబడి వండుకోవాలంటే గట్టు ఎంతెత్తుండాలో చూపించు."

బేబి సిగ్గుపడుతూ చెయ్యి పెట్టి చూపించింది.

"చూశావుగా మేస్త్రీ? గ్యాసు వచ్చేదాకా కట్టెలే కదా, పైన పొగగొట్టం పెట్టు. నేను జీవితమంతా గొంతుక్కూర్చుని పొయ్యి ఊదాను. కళ్ళూ పోయాయి, నడుమూ పోయింది. దీనికలా కాకూడదు."

బేబి గదులన్నీ తిరిగొచ్చింది. "మీ గదేదత్తయ్యా?"

పుష్పవతి తడబడింది. "నాకెందుకే? పేటలో ఇల్లుందిగా. మీ కాపురం మధ్య నేనెందుకు?"

"మళ్ళీ ఆ చీకట్లోకే పోతారా? అయితే నేనూ రాను."

"పిచ్చిమాటలు మాట్లాడకు. నలుగురూ ఏమంటారు?"

భవానీప్రసాద్ దగ్గరికొచ్చాడు. "తూర్పుగది నా పుస్తకాలకనుకున్నాను. పొద్దున ఎండ బాగా పడుతుంది. అది మీదమ్మా. మీరు రాకపోతే మేమిద్దరం ఈ ఇంట్లో అడుగుపెట్టం."

పుష్పవతి కిటికీ చట్రం వైపు తిరిగి, దుమ్ము పడిందన్నట్టు కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

గృహప్రవేశంనాడు బయట రోళ్ళు పగిలే ఎండ. లోపల మాత్రం ఇటు నుంచి అటు గాలి ఆడుతూనే ఉంది. బేబి పాలు పొంగించింది. వరండాలో ఓ మూల పుస్తకాలు సర్దుకుని, వచ్చినవాళ్ళకి మజ్జిగ అందిస్తున్నాడు భవానీప్రసాద్.

పక్కింటి బసవమ్మ తూర్పుగదిలో చాప మీద చతికిలబడింది. "ఫ్యానన్నా లేదు, ఎంత చల్లగా ఉందండీ! తల్లికి మంచి గది ఇచ్చి, తను వరండాలో సర్దుకున్నాడు. ఎంత పుణ్యం చేసుకుంటే పుడతాడండీ ఇలాంటి కొడుకు!"

పుష్పవతి గుమ్మంలోంచి వరండా వైపు చూసింది.

"నా కొడుకు పోయాక, కోడలికి నేను వెతికి తెచ్చిన మొగుడండీ అతను."