రోడ్డు మీద ఎంతసేపు

విమానం బయలుదేరడానికి గంట కూడా లేదు. కౌంటరు ముందు నిలబడ్డ ముసలాయన కదలడం లేదు.

“గాల్లో ఎంతసేపమ్మా?” అని అడిగాడు.

“ముప్పావు గంటండీ.”

“రోడ్డు మీదైతే?”

“మధ్యలో కొండలున్నాయి కదండీ, చుట్టూ తిరిగి వెళ్ళాలి. బస్సులో చేరేసరికి రాత్రవుతుంది.”

“దూరం పెద్దగా లేదంటారే.”

“గాల్లో లేదండీ. రోడ్డు మీద ఉంది.”

వెనక నిలబడ్డ వెల్డరుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

అవతలి ఊళ్ళో అక్కకి సాయంత్రం గుండె ఆపరేషన్. అమ్మ పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన అక్క. తమ్ముణ్ణి చూడందే లోపలికి వెళ్ళనని మొండికేసింది. డాక్టర్లు ఆగేట్టు లేరు. మళ్ళీ ప్రాణాలతో బయటికొస్తుందని గట్టిగా చెప్పినవాడూ లేడు.

తీరా ఇక్కడ సీట్లు నిండిపోయాయి. ఎవరో ఒకరు మానుకుంటేనే ఇతనికి చోటు. ఆ గోడు చెప్పుకుంటూ పొద్దుట్నించీ కౌంటరు పిల్ల మీద అరుస్తూనే ఉన్నాడు. హాలంతా విన్నది.

“ఏమయ్యా పెద్దమనిషీ, భూగోళం పాఠం చెప్పించుకుంటున్నావా ఇక్కడ? అవతల మా అక్క ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది.”

ముసలాయన వెనక్కి తిరిగాడు. “ఒక్క నిమిషం నాయనా. నాకంత తొందర లేదులే.”

“తొందర లేనివాడికి విమానమెందుకు? బస్సెక్కు. కిటికీ పక్కన కూర్చుని కొండలు చూసుకుంటూ పో.”

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ముసలాయన కోప్పడలేదు. ముందుకు వంగి ఆ పిల్లతో ఏదో గొణిగి పక్కకి తప్పుకున్నాడు. ఆమె వెల్డరు వైపు చూసి, ఏదో అనబోయి మానేసింది.

“మీకు సీటు దొరికిందండీ,” అంది కాసేపటికి.

“నోరు పారేసుకుంటే గానీ దొరకదు మీ దగ్గర,” అని చీటీ లాక్కుని పరుగెత్తాడు.

విమానం పైకి లేచినా అతని కోపం దిగలేదు. పక్క సీట్లో నడివయసు మనిషి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వినేవాడు దొరికాడనుకున్నాడు వెల్డరు.

“చూశారా అండీ ఆ ముసలాణ్ణి? ఎంత దూరం, ఎంతసేపు అంటూ ఒకటే నస. అలాంటివాళ్ళని ఇంట్లోంచి ఎలా వదుల్తారో.”

“నేనే తీసుకొచ్చాను,” అన్నాడా మనిషి మొహం తిప్పకుండానే. “మా అన్నయ్య. మీరు కూర్చున్నది ఆయన సీట్లో.”

వెల్డరు సీట్లోంచి లేవబోయాడు. నడుముకున్న బెల్టు ఆపింది.

“సామాన్ల దగ్గర కూర్చుని అంతా విన్నాను. వద్దని మొత్తుకున్నాను కూడా. నేనైతే చచ్చినా ఇచ్చేవాణ్ణి కాదు. ఆ నోటికి అసలే ఇవ్వను.”

“మరి ఆయన...”

“బస్సెక్కాడు. మీరు చెప్పినట్టే. అక్కడి పనులు చూడమని నన్ను ముందు పంపాడు.”

“ఎందుకిచ్చారండీ?” అని అడిగాడు వెల్డరు.

అప్పుడు తిరిగాడా మనిషి. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి.

“మీ అక్క ఇంకా కళ్ళు తెరుచుకుని ఎదురుచూస్తోందట కదా. ఆయన కొడుకు మార్చురీలో ఉన్నాడు.”