ఎడబాయని గుండు

“సున్నా అని ఉందా?” కళ్లు మూసుకునే అడిగింది కోడలు.

భర్త ఆ చిన్న ఆటపెట్టెను కిటికీ వెలుతురుకు తిప్పాడు. “ఎక్కడ చూడాలి?”

“గుండు పేరు పక్కన అంకె ఉంటుంది.”

“మూడు వందల యాభై తొమ్మిది.”

ఆమె కళ్లు తెరిచింది. “సరిగ్గా చూడండి.”

“మూడు, అయిదు, తొమ్మిది. ఇంకెలా చూడను?”

ఆమె అంబులెన్సు డ్రైవరు. నలభై రెండు రోజుల కిందట వానలో బండి జారి గోడకు గుద్దుకుంది. వెనకున్న రోగికి గీత కూడా పడలేదు గానీ, ఆమె మణికట్లు రెండూ విరిగాయి. రెండుసార్లు ఆపరేషను అయ్యాక, నిన్న సాయంత్రమే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది.

ఆ పెట్టెలోది వింత జంతువుల్ని పట్టి పెంచే వీడియో ఆట. గుండు అందులో ఆమె పెంచుకుంటున్న రెక్కల ఉడుము. నున్నటి తల చూసి ఆ పేరు పెట్టింది. అది ఘనకార్యం చేసినప్పుడల్లా ఆట ఒక బిరుదు ఇస్తుంది. బిరుదు వెళ్లి పేరు ముందు చేరుతుంది. తుపానుకు వెరవని గుండు. మంచుకొండలెక్కిన గుండు. నూరు పోరాటాలు గెలిచిన గుండు. ఇక మిగిలింది ఒక్కటే, ‘ఎడబాయని’. అది రావాలంటే ఏడాదిపాటు రోజూ దానికి తిండి పెట్టి, స్నానం చేయించి, తల నిమరాలి. ఒక్క రోజు తప్పినా లెక్క మళ్లీ సున్నా నుంచే.

ప్రమాదం జరిగిన రోజుకి లెక్క మూడు వందల పద్దెనిమిది. ఎముకలు విరగ్గొట్టుకుని పడుకున్న మనిషి బొమ్మ క్షేమం అడిగితే ఏం బాగుంటుందని ఎవరితోనూ అనలేదు. పోయిందనే అనుకుంది.

“మీరే కదూ?” అంది.

“దీన్ని వెలిగించడం ఇప్పుడు నువ్వు చెబితే తెలిసింది. డ్యూటీ, ఆసుపత్రి, మళ్లీ డ్యూటీ. నాకు కంటినిండా నిద్రే గగనమైంది.”

“మరెవరు?”

“ఇంట్లో అమ్మ తప్ప ఎవరున్నారు?”

ఇద్దరూ ఆ మాట అక్కడే వదిలేశారు.

అత్తగారికి ఆ ఆట పేరెత్తితే ఒళ్లు మంట. “పగలంతా జనాన్ని మోసుకొచ్చి, ఇంటికొచ్చి ఉడుముకి నీళ్లు పోస్తావేంటమ్మా? దాని కూతకి నా చెవులు చిల్లులు పడుతున్నాయి” అని రోజూ పక్క కుర్చీలో కూర్చుని దండకం చదివేది. కుర్చీ మాత్రం మార్చేది కాదు.

“గుండు సంచిలో నూట నలభై సబ్బులున్నాయి. ఇన్నెందుకు?” అన్నాడు భర్త.

ఆమె ఉంచింది మూడు. ఎవరో దారి తప్పి మాటిమాటికీ ఆటలోని అంగట్లో దూరినట్టున్నారు.

మరో రెండు వారాలు గ్లాసు కూడా ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. మిగిలిన ఆరు రోజులూ తనే చూసుకుంటానన్నాడు భర్త. మొదటి రోజు చూశాడు. రెండో రోజు ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారని ఫోనొస్తే పరుగెత్తాడు. అతనిది లిఫ్టులు బాగుచేసే పని.

మధ్యాహ్నం కునుకు తీస్తున్న కోడలికి ముందుగదిలోంచి గుండు కూత వినిపించింది. రెండుసార్లు. తిండి తిన్నదన్నమాట.

ఆమె అడుగుల చప్పుడుకి అత్తగారు ఒళ్లోకి శాలువా లాక్కుంది.

“దాచకండి అత్తయ్యా. విన్నాను.”

“వాడు మర్చిపోయి పోయాడు. నీ చేతులేమో అలా ఉన్నాయి. ఏం చేయమంటావు?”

“ఇన్నాళ్లూ మీరేనా?”

అత్తగారు శాలువా కిందనుంచి ఆటపెట్టె బయటికి తీసింది.

“ఎలా వచ్చింది మీకు?”

“రోజూ పక్కన కూర్చుని నా చెవుల్లో పోశావుగా. కిందికి రెండు, పక్కకి ఒకటి, గుండ్రటి బొత్తాం. రెండు కూతలైతే తిన్నట్టు. గుర్రుమంటే ఒళ్లు రుద్దినట్టు. మొదట్లో ఎటు నొక్కినా ఆ అంగడి పాటే వచ్చేది.”

“నూట నలభై సబ్బులు తెచ్చారు.”

“పోనీలే, శుభ్రంగా ఉంటుంది.”

కోడలికి నవ్వాగలేదు. “మీకు ఇదంటే గిట్టదుగా.”

“ఇప్పుడూ గిట్టదు.” అత్తగారు శాలువా అంచు సవరించుకుంది. “అదేదో రోజు నువ్వే అన్నావు. జనాన్ని ఆసుపత్రి గుమ్మం దాకా చేర్చి వచ్చేస్తాను, తర్వాత వాళ్లేమయ్యారో తెలీదు, దీన్నొక్కదాన్నైనా విడవకుండా చూసుకుంటానత్తయ్యా అని. నువ్వక్కడ పడుంటే నేను చేయగలిగిందేముంది? వస్తే నాకే ఒకరు తోడు కావాలి. నువ్వు తిరిగొచ్చేసరికి ఇదైనా చెడకుండా ఉండాలనుకున్నా.”

కోడలు పక్కన కూలబడి అత్తగారి భుజానికి తల ఆనించింది. ఈ ఇంటికొచ్చిన ఆరేళ్లలో అలా చేయడం అదే మొదలు.

“తల బరువుగా ఉందే నీది,” అంది అత్తగారు. జరగలేదు.

ఆ తర్వాత భర్తకి ఎవరూ గుర్తు చేయలేదు. ఆఖరి రోజు సాయంత్రం ముగ్గురూ కూర్చున్నారు. అత్తగారు తిండి పెట్టింది, నీళ్లు పోసింది, తల నిమిరింది. ఆటపెట్టెలో బాకాలు మోగాయి.

“వచ్చిందా?”

“వచ్చింది అత్తయ్యా.”

“ఏం రాసిందో చదువు.”

“ఎడబాయని గుండు.”

అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది. భర్త కూడా ఆపుకోలేకపోయాడు.

“ఈ బిరుదు దానిది కాదు, మీది,” అంది కోడలు.

“నాకెందుకమ్మా, నా నెత్తిన ఇంకా నాలుగు వెంట్రుకలున్నాయి.”

కోడలు కట్లున్న చేతులతోనే ఆ ముడతలు పడ్డ వేళ్లని అందుకుని, ఒక్కొక్కదాన్నీ కళ్లకి అద్దుకుంది.

అత్తగారికి చూపు పోయి పదకొండేళ్లు.